మొరాకో పాత ఊళ్లలో తిరగడం ఎలా: ఫెస్ నుంచి మరాకెష్ దాకా సమగ్ర మార్గదర్శి

మొరాకోకి ప్లాన్ వేసుకునేవాళ్ల కాగితం మీద మామూలుగా ఆరేడు ఊళ్లుంటాయి. కాసాబ్లాంకా, రబాత్, టాంజియర్, నీలిరంగు షెఫ్‌షావెన్, ఫెస్, మరాకెష్, వాటికి తోడు సహారాలో ఒంటె మీద ఒక రాత్రి. చేతిలో ఉన్న సెలవు చూస్తే వారం, మహా అయితే పది రోజులు. నా మాట వింటే ఆ కాగితంలో సగం కొట్టేయండి. ఫెస్‌కి నాలుగు రోజులు, మరాకెష్‌కి రెండు లేదా మూడు, మధ్యలో మెక్నెస్‌కి ఒకటి. పాత ఊళ్లు చూడాలన్న కోరిక తీరడానికి ఇది చాలు.

ఎందుకంటే ఇవి బయటి నుంచి చూడటానికి కట్టిన ఊళ్లు కావు. ఎంత కలిగినవాళ్ల ఇల్లయినా వీధి వైపు కనబడేది ఎత్తైన ఉత్త గోడ, దానికో తలుపు. వైభవమంతా ఇంటి నడుమ ఆకాశం కనబడే చావడిలోనే. పెద్ద మసీదు పక్కనుంచే నడిచిపోతారు, అది మసీదని కూడా తెలియదు. అందుకే ఏం చూడాలన్న జాబితా కన్నా, ఊరిని ఏ లెక్కన కట్టారో తెలుసుకుని వెళ్లడం మేలు. ఈ మార్గదర్శి ఆ లెక్క గురించే.

మొదటి అడుగు: కాలం, వీసా, డబ్బు

మార్చి నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి నవంబరు దాకా మంచి కాలం. జులై, ఆగస్టుల్లో ఫెస్, మరాకెష్ రెండింట్లోనూ ఎండ 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి. మనకి ఎండ అలవాటేలే అనుకోకండి, ఆ ఎండలో రోజంతా ఎగుడుదిగుడు రాళ్ల మీద నడవాలి. జనవరిలో ఇబ్బంది ఇంకో రకం. పాత ఇళ్లలో గదులు వెచ్చగా ఉండవు, రాత్రి దుప్పట్లు చాలవు.

రంజాన్ నెలలో వెళ్తే పగలు తిండి దొరకడం కష్టం, రాత్రుళ్లు మాత్రం ఊరు నిద్రపోదు. ఆ నెలలో గడియారం కూడా ఒక గంట వెనక్కి జరుపుతారు. మామూలు రోజుల్లో మనకంటే నాలుగున్నర గంటలు వెనక ఉండే దేశం అప్పుడు ఐదున్నర గంటలు వెనకబడుతుంది. రైలు టికెట్లు తీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి.

భారత పాస్‌పోర్టుకి వీసా కావాలి. ఆన్‌లైన్లో ఈ-వీసాకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. షరతులు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందే ప్రభుత్వ పోర్టల్ చూసుకోండి. హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి దుబాయ్ లేదా దోహా మీదుగా కాసాబ్లాంకా వెళ్లడం తేలిక దారి.

డబ్బు సంగతి కొంచెం జాగ్రత్తగా చూసుకోవాలి. మొరాకో దిర్హాము బయటి దేశాల్లో సులువుగా దొరకదు, దేశం దాటించడానికీ 2,000 దిర్హాముల పరిమితి ఉంది. మన రూపాయిని అక్కడి మార్పిడి కౌంటర్లు తీసుకుంటాయని నమ్ముకుని వెళ్లొద్దు. యూరోలు గానీ డాలర్లు గానీ పట్టుకెళ్లండి, దానికి తోడు విదేశాల్లో పనిచేసే ఏటీఎం కార్డు. పాత ఊరి లోపల చాలా కొట్లలో నగదే నడుస్తుంది. చిల్లర ఎప్పుడూ చేతిలో ఉంచుకోండి. రెండొందల నోటు ఇస్తే చిల్లర లేదనే మాట రోజుకి పదిసార్లు వినబడుతుంది.

రెండో అడుగు: బస గోడల లోపలే

కాసాబ్లాంకా విమానాశ్రయం కిందనే రైలు ఎక్కి కాసా వోయజర్ స్టేషన్లో మారితే నాలుగు గంటల్లో ఫెస్ చేరొచ్చు. 2018లో మొదలైన అల్ బొరాక్ హైస్పీడ్ రైలు గంటకు 320 కిలోమీటర్ల వేగంతో పోతుంది గానీ, అది కాసాబ్లాంకా, టాంజియర్ల మధ్య నడిచేది. ఫెస్‌కి మామూలు రైలే. మొదటి తరగతి తీసుకుంటే సీటు నంబరు ఉంటుంది, తేడా పెద్ద ఖర్చేమీ కాదు.

రైలు దిగేది కొత్త ఊళ్లో. ఇక్కడొక చిన్న చరిత్ర. 1912లో ఫ్రెంచివాళ్లు మొరాకోని తమ రక్షిత రాజ్యం చేసుకున్నాక, రెసిడెంట్ జనరల్ ల్యోటే పాత ఊళ్లను కూలగొట్టొద్దని, కొత్త ఊరు వాటికి దూరంగా విడిగా కట్టాలని నిర్ణయించాడు. అంరీ ప్రోస్త్ అనే వాస్తుశిల్పి ఆ కొత్త నగరాలకు నమూనాలు గీశాడు. పాత ఊళ్లు చెక్కుచెదరకుండా మిగలడానికి అది ఒక కారణం. ఐరోపావాళ్లకి వెడల్పాటి వీధులు, స్థానికులకి ఇరుకు గోడలు అన్న విభజనకీ అదే కారణం. రెండూ నిజమే.

కొత్త ఊళ్లో హోటళ్లు చవక, లిఫ్టులుంటాయి. అయినా బస పాత ఊరి లోపలే తీసుకోండి. చావడి చుట్టూ గదులున్న పాత ఇళ్లను బసలుగా మార్చారు, వాటిని రియాద్ అంటారు. గోడల లోపల ఏముంటుందో చూడటానికి మనలాంటివాళ్లకి దొరికే సులువైన అవకాశం అదే. బుక్ చేసేటప్పుడు చూడాల్సింది అలంకరణ కాదు, కార్లు ఆగే ద్వారానికి ఎంత దూరమన్నది. ఐదు నిమిషాల నడక దాటితే పెట్టెలతో నరకం. ద్వారం దగ్గరికి మనిషిని పంపమని ముందే రియాద్‌వాళ్లకి సందేశం పెట్టండి. తోపుడు బండి మనిషి దొరికితే సామాను ఎక్కించకముందే రేటు తేల్చుకోండి. చక్రాల పెట్టె కన్నా వీపు సంచి వెయ్యి రెట్లు నయం.

ఊళ్లో తిరిగే చిన్న టాక్సీల్ని పెటీ టాక్సీలంటారు, వాటి రంగు ఊరూరికీ మారుతుంది. ఫెస్‌లో ఎరుపు. మీటరు వెయ్యమని ఎక్కకముందే అడగాలి. ముగ్గురికి మించి ఎక్కించుకోరు, రాత్రి చార్జీ ఎక్కువ.

మూడో అడుగు: ఫెస్‌ని వాలుతో చదవడం

ఫెస్ పాత ఊళ్లో తొమ్మిది వేల పైచిలుకు సందులున్నాయని చెప్పుకుంటారు. ఎవరు లెక్కపెట్టారో గానీ, నడిస్తే మాత్రం నమ్మాలనిపిస్తుంది. ఫోనులో మ్యాపు నీలి చుక్క గోడల మధ్య గెంతుతూ ఉంటుంది. దాని మీద ఆధారపడకండి, వాలు మీద ఆధారపడండి.

ఊరు ఒక గిన్నెలో ఉంది. నీళ్లు పడమటి నుంచి వచ్చి, ఊరి పైభాగంలో కాలువలుగా చీలి, మసీదులకూ హమ్మాములకూ (ఊరుమ్మడి ఆవిరి స్నానశాలలు) ఇళ్లకూ పంచుకుంటూ కిందికి దిగి, మధ్యలో ఉన్న ఏట్లో కలుస్తాయి. ప్రధాన వీధులు రెండూ, తలా కబీరా, తలా స్గీరా, ఆ వాలు వెంబడే దిగుతాయి. కాబట్టి సూత్రం ఒక్కటే. దిగుతూ పోతే ఊరి నడిబొడ్డుకి, ర్సీఫ్ చౌకుకి వస్తారు. ఎక్కుతూ పోతే బాబ్ బూజ్లూద్ ద్వారానికి వస్తారు. తప్పిపోయామనిపించినప్పుడు ఎవర్నీ అడక్కండి. కాసేపు కిందికి నడవండి. ర్సీఫ్ దగ్గర టాక్సీలు కూడా దొరుకుతాయి, తిరిగి ఆ ఎక్కుడు ఎక్కే ఓపిక లేకపోతే.

రెండో సూత్రం, వృత్తుల వరస. ఊరి మధ్య పెద్ద మసీదు. దాన్ని ఆనుకుని శుభ్రమైన, విలువైన సరుకులు: అత్తర్లు, సుగంధ ద్రవ్యాలు, పట్టు, పుస్తకాలు. కొంచెం ఎడంగా వడ్రంగం, రాగి పని. వాసన, పొగ, మురుగు ఉన్న పనులు ఏటి ఒడ్డుకో ఊరి అంచుకో పోతాయి. తోళ్ల పని ఏటి పక్కన ఉన్నది అందుకే. కుండలవాళ్లు తమ బట్టీలతో పాటు గోడల బయటికే వెళ్లిపోయారు. ఈ వరస తెలిశాక మీ ముక్కే మీకు మ్యాపు. దాల్చినచెక్క వాసన వస్తే ఖరావియ్యీన్ మసీదు దగ్గరపడ్డట్టు, పచ్చితోలు కంపు వస్తే ఏరు దగ్గరపడ్డట్టు.

మూడోది పేటల సంగతి. ప్రతి పేటకీ ఐదు ఉండాలన్నది పాత పద్ధతి: మసీదు, పిల్లల ఖురాన్ బడి, నీళ్ల కుళాయి, హమ్మాము, రొట్టెల పొయ్యి. ఇంట్లో పిండి కలిపి, పలక మీద పెట్టి, పొయ్యికి పంపే అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఉదయం పది, పదకొండు మధ్య పలక తలమీద పెట్టుకుని పోయే పిల్లలు కనిపిస్తే వాళ్ల వెనకాలే ఓ నాలుగడుగులు వెయ్యండి, పొయ్యి దొరుకుతుంది.

నాలుగో అడుగు: మొదటి రోజు నడక

ఉదయం తొమ్మిదికి బాబ్ బూజ్లూద్ దగ్గర మొదలుపెట్టండి. బయటి వైపు నీలం పలకలు, లోపలి వైపు ఆకుపచ్చ. అందరూ ఫొటో తీసుకునే ఈ ద్వారం చూడటానికి అనాదిగా ఉన్నట్టుంటుంది గానీ కట్టింది 1913లోనే. ఊరు మాత్రం అసలైన పాతది. 8వ శతాబ్దం చివర మొదటి ఇద్రీస్ అనే రాజు ఏటికి ఒక ఒడ్డున మొదలుపెట్టాడు, 9వ శతాబ్దం మొదట్లో అతని కొడుకు రెండో ఇద్రీస్ రెండో ఒడ్డున ఇంకో ఊరు కట్టాడు. స్పెయిన్‌లోని కోర్డోబా నుంచి వెళ్లగొట్టబడినవాళ్లు ఒక ఒడ్డున, ట్యునీషియాలోని కైరవాన్ నుంచి వలస వచ్చినవాళ్లు రెండో ఒడ్డున స్థిరపడ్డారు.

తలా కబీరా వెంట కొంచెం దిగగానే బూ ఇనానియా మదరసా. 1350ల్లో మరీనీ వంశపు సుల్తాన్ అబూ ఇనాన్ కట్టించాడు. కింద గచ్చు పలకలు, వాటి పైన సున్నపు చెక్కడం, ఆ పైన దేవదారు చెక్క: ఈ మూడంచెల వరస ఒకసారి ఇక్కడ నిదానంగా చూసి అర్థం చేసుకుంటే, దేశమంతా ఇదే వ్యాకరణం కనబడుతుంది. మనకి ఇంకో ఆసక్తి కూడా ఉంది. ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో ఖాజీగా పనిచేసిన ఇబ్న్ బతూతా ఊరు మొరాకోలోని టాంజియరే. తిరిగొచ్చాక ఈ అబూ ఇనాన్ ఆజ్ఞ మీదే, ఈ ఫెస్ నగరంలోనే తన ప్రయాణాల కథంతా చెప్పి రాయించాడు.

అక్కడి నుంచి హడావుడి లేకుండా దిగండి. వెనకనుంచి "బాలక్! బాలక్!" అని కేక వస్తే ఆలోచించకుండా గోడకి అతుక్కుపోండి. సరుకు మోసే కంచరగాడిద వస్తోందన్నమాట. కార్లు లేని ఊళ్లో గ్యాస్ సిలిండర్ల నుంచి ఫ్రిజ్‌ల దాకా అన్నీ వాటి వీపు మీదే.

నజ్జారీన్ దగ్గర వడ్రంగుల చావడి ఇప్పుడు చెక్కపనుల మ్యూజియం. దాని మిద్దె మీద కూర్చుని టీ తాగొచ్చు, కాళ్లకి విశ్రాంతి. ఆ పక్కనే ఊరిని నిలబెట్టిన రెండో ఇద్రీస్ సమాధి మందిరం. తర్వాత అత్తారీన్ మదరసా, 1320ల నాటిది, చిన్నది, నా కళ్లకి బూ ఇనానియా కన్నా అందమైనది. దానికి ఎదురుగా ఖరావియ్యీన్. 859లో ఫాతిమా అల్ ఫిహ్రీ అనే కైరవాన్ కుటుంబపు స్త్రీ కట్టించిందని సంప్రదాయం చెబుతుంది.

ముస్లింలు కానివాళ్లకి మొరాకోలో మసీదుల్లోకి ప్రవేశం లేదు. కాసాబ్లాంకాలోని హసన్ 2 మసీదు పేరున్న మినహాయింపు, అక్కడ గైడుతో చూడొచ్చు. ఖరావియ్యీన్ తలుపులు నమాజు వేళల్లో తెరిచి ఉంటాయి, గుమ్మం బయట నిలబడి లోపలి చావడి చూడొచ్చు. దారికి అడ్డం లేకుండా, ప్రార్థన చేసేవాళ్ల మొహాల మీదికి కెమెరా పెట్టకుండా.

నడక సఫ్ఫారీన్ చౌకులో ముగించండి. రాగి బిందెలు, డేగిసాలు కొట్టే చప్పుడుకి మాటలు వినబడవు. అయినా అక్కడ ఒక గంట కూర్చోమంటాను.

ఐదో అడుగు: తోళ్ల గుంటలు

షువారా తోళ్ల గుంటలకి టికెట్ ఉండదు. చుట్టూ ఉన్న తోలు కొట్ల మిద్దెల మీదనుంచి చూడాలి. పొద్దున్నే వెళ్తే పని జోరు మీద ఉంటుంది. గుమ్మంలో చేతికి పుదీనా రెబ్బ ఇస్తారు, ముక్కు దగ్గర పెట్టుకోమని. వద్దనకండి.

తెల్లటి గుంటల్లో సున్నం, పావురాల రెట్ట. సున్నం వెంట్రుకలు ఊడేలా చేస్తుంది, రెట్ట తోలుని మెత్తబరుస్తుంది. ఆ తర్వాత రంగుల గుంటలు. మనుషులు తొడల దాకా దిగి కాళ్లతో తొక్కుతుంటారు. ఇది చూసి ఎంత అందమో అనేవాళ్లున్నారు. నాకైతే ఆ నీళ్లలో రోజంతా నిలబడే కాళ్లే కనబడ్డాయి. దిగేటప్పుడు కొట్టువాడు జోళ్లు చూపిస్తాడు. కొనకపోతే మిద్దె ఎక్కించినందుకు పదో ఇరవయ్యో దిర్హాములు చేతిలో పెట్టి "షుక్రన్" చెప్పి వచ్చేయండి, అందులో తప్పేం లేదు.

ఆరో అడుగు: దారి చూపిస్తామనేవాళ్లతో, బేరాలతో

"అటు దారి మూసేశారు", "ఈరోజే బెర్బెర్ల సంత", "టానరీ ఇటు". ఈ మూడు మాటల్లో ఏది విన్నా నవ్వి "లా, షుక్రన్" (వద్దు, థాంక్స్) అనేసి నడవండి. ఆగి మాట కలిపితే పది నిమిషాల తర్వాత తివాచీల కొట్లో తేలతారు. చుట్టూ చూసుకుంటూ నిలబడ్డ మనిషి దగ్గరికే వస్తారు కాబట్టి, దారి తెలియకపోయినా తెలిసినట్టే నడవండి. మొదటి రోజుకి మాత్రం బ్యాడ్జి ఉన్న ప్రభుత్వ లైసెన్సు గైడుని రియాద్ ద్వారా మాట్లాడుకోండి. కొట్లకి వద్దని ముందే చెప్పండి. మిగతా రోజులు గైడు అక్కర్లేదు.

మన మొహం చూడగానే "ఇండియా? షారుఖ్ ఖాన్!" అనడం మామూలు. హిందీ సినిమాల అభిమానం అక్కడ పాతదే. అది ప్రేమే గానీ, ఆ తర్వాత చెప్పే ధరకీ ఆ ప్రేమకీ సంబంధం లేదు.

బేరానికి పావుకి అడగాలి, సగానికి అడగాలి అని చెప్పే సూత్రాలు పనికిరావు. వస్తువుకి మీరు ఎంత పెట్టగలరో మనసులో అనుకుని, అక్కడికి వస్తే కొనండి, రాకపోతే లేవండి. ఒకసారి మీరన్న ధరకి వాడు ఒప్పుకున్నాక వెనక్కి తగ్గడం మాత్రం అక్కడ మర్యాద కాదు. తివాచీలవాడు పోసే టీకి మొహమాటపడక్కర్లేదు, అది అమ్మకంలో భాగం. శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఫెస్‌లో కొట్లు చాలావరకు మూస్తారు. కొనుగోళ్లు ఆ రోజుకి పెట్టుకోకండి.

ఏడో అడుగు: తిండి, స్నానం

శాకాహారులు "బ్లా ల్హమ్" అన్న మాట నేర్చుకోవాలి, మాంసం వద్దని. కూరగాయల తాజీన్ (మూత ఉన్న మట్టి పాత్రలో మగ్గించే కూర) అనిచ్చినా అడుగున మాంసం రసం ఉండొచ్చు. హరీరా సూపూ అంతే. నమ్మకంగా తినదగినవి బిస్సారా, అంటే ఎండు బాకలా (ఫావా చిక్కుడు) గింజల్ని ఉడికించి మెదిపి ఆలివ్ నూనె, జీలకర్ర వేసిచ్చేది, వంకాయతో చేసే జాలూక్, వేడివేడి ఖుబ్జ్ రొట్టె, పొరల మ్సమ్మెన్. పొద్దున్నే వీధి చివర నూనెలో వేసే స్ఫెంజ్ అచ్చు మన గారెలా మధ్యలో చిల్లుతో ఉంటుంది, పిండి మాత్రం గోధుమ. కుస్కుస్ శుక్రవారం తినండి. మిగతా రోజుల్లో దొరికేది ఎక్కువగా పర్యాటకుల కోసం వండింది. మనకి అలవాటైన కారం అంతగా దొరకదు. ఆవకాయ ముక్కలు చిన్న సీసాలో పట్టుకెళ్లినవాళ్లని నేను ఎగతాళి చెయ్యను.

హమ్మాముకి రియాద్‌లో ఉండే ఖరీదైనది కాకుండా పేటలోది వెళ్లండి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ వేళలు గానీ గదులు గానీ వేరు. తువ్వాలు, మారు లోదుస్తులు, చెప్పులు, నల్ల సబ్బు, రుద్దే కిస్సా తొడుగు మీరే తీసుకెళ్లాలి, చివరి రెండూ పక్క కొట్లోనే దొరుకుతాయి. మగవాళ్లు లోదుస్తులు తియ్యకూడదు. వేడి గదిలో కూర్చుని చెమట పట్టాక సబ్బు పూసుకుని, కాసేపాగి, రుద్దించుకోవాలి. రుద్దేవాళ్ల చెయ్యి బరువు. నలుగు పెట్టించుకుని పెరిగినవాళ్లకి పెద్ద తేడా తెలియకపోవచ్చు, మిగతావాళ్లు "ష్వియా" అంటే కొంచెం తగ్గిస్తారు.

ఎనిమిదో అడుగు: మెల్లా, మెక్నెస్

ఫెస్‌లో మూడో రోజు పాత ఊరు దాటి ఫెస్ జ్దీద్‌కి వెళ్లండి. 1276లో మరీనీలు కట్టిన ఈ 'కొత్త' భాగంలోనే 1438లో యూదుల పేట, మెల్లా, ఏర్పడింది. అక్కడి ఇళ్లకి వీధి వైపు చెక్క బాల్కనీలుంటాయి. రెండు రోజులుగా ఉత్త గోడలు చూసిన కంటికి అది వెంటనే పట్టేస్తుంది. 1948 తర్వాత చాలా కుటుంబాలు వెళ్లిపోయాయి. ఇబ్న్ దనాన్ ప్రార్థనాలయం, తెల్లటి సమాధుల శ్మశానం మిగిలాయి.

మెక్నెస్ రైల్లో ముప్పావు గంట లోపే. 1672 నుంచి 1727 దాకా ఏలిన మౌలాయ్ ఇస్మాయీల్ రాజధాని. మన ఔరంగజేబుకి సమకాలికుడు, కట్టడాల పిచ్చి ఉన్నవాడు. బాబ్ మన్సూర్ ద్వారం, గోడలు చూసి, మధ్యాహ్నం గ్రాండ్ టాక్సీ (ఊళ్ల మధ్య నడిచే పెద్ద టాక్సీ) మాట్లాడుకుని ముప్ఫై కిలోమీటర్ల దూరంలోని వొలుబిలిస్ రోమన్ శిథిలాలకి వెళ్లొచ్చు. అక్కడ చెట్టు నీడ తక్కువ.

తొమ్మిదో అడుగు: మరాకెష్

ఫెస్ నుంచి రైల్లో దాదాపు ఏడు గంటలు. పుస్తకం పెట్టుకోండి.

మరాకెష్ చదును నేల. వాలు సూత్రం ఇక్కడ పనిచెయ్యదు. 77 మీటర్ల కుతుబియా మినార్, దాని పక్కన జమా అల్ ఫ్నా మైదానం గుర్తు. మైదానానికి ఉత్తరాన బజార్లు, దక్షిణాన రాజభవనాలు. దీన్ని బట్టి రెండు రోజులు పంచుకోండి. ఉత్తరం రోజు: సమ్మారీన్ బజారు వెంట పోయి 16వ శతాబ్దపు బిన్ యూసఫ్ మదరసా దాకా. దక్షిణం రోజు: సాదీ వంశపు సమాధులు, బాహియా, బదీ భవనాలు. బదీ ఇప్పుడు పెద్ద ఖాళీ. దాని పాలరాళ్లు ఊడదీసి మెక్నెస్‌కి తరలించింది పైన చెప్పిన మౌలాయ్ ఇస్మాయీలే. అందుకే మెక్నెస్ ముందు చూడమన్నది. 2023 సెప్టెంబరు 8 రాత్రి 6.8 తీవ్రతతో వచ్చిన భూకంపం తర్వాత మరమ్మతులు జరుగుతున్న చోట్లుండొచ్చు, ఏది తెరిచి ఉందో రియాద్‌లో కనుక్కోండి.

ఇక్కడ గాడిదల బదులు సందుల్లో మోటారుబళ్లు. కుడి పక్కన గోడకి దగ్గరగా నడవండి, హఠాత్తుగా పక్కకి తిరగకండి.

జమా అల్ ఫ్నాకి పగలు వెళ్తే నిరాశే. పొద్దు వాలేవేళ వెళ్లండి. గుండ్రంగా గుమిగూడిన జనం మధ్య కథలు చెప్పేవాళ్లు, ఇనుప చిడతలతో గ్నావా పాటగాళ్లు. ఊళ్లో స్థిరపడ్డ స్పానిష్ రచయిత హువాన్ గోయ్‌తిసోలో ఈ మైదానాన్ని కాపాడాలని గట్టిగా పోరాడాడు. 2001లో యునెస్కో దీన్ని మానవాళి మౌఖిక వారసత్వంగా ప్రకటించింది. పాములవాళ్లు, కోతులవాళ్ల వైపు ఫోను ఎత్తితే డబ్బులు అడుగుతారు. గోరింటాకు పెడతామని చెయ్యి పట్టుకునేవాళ్ల దగ్గర చెయ్యి వెనక్కి తీసుకోండి. నల్ల గోరింటాకులో కలిపే రసాయనం చర్మాన్ని కాలుస్తుంది.

కొనదలచినవి ఉంటే ముందు మహమ్మద్ 5 రోడ్డు మీదున్న ప్రభుత్వ చేతిపనుల కేంద్రం, ఆన్సాంబ్ల్ ఆర్తిజనాల్, చూడండి. ధరలు రాసి ఉంటాయి. అక్కడ లెక్క తెలుసుకుని బజార్లోకి వెళ్తే బేరం మీ చేతిలో ఉంటుంది.

చివరగా: బయల్దేరే రోజు

మరాకెష్ విమానాశ్రయం ఊరికి దగ్గర. తిరుగు ప్రయాణం కాసాబ్లాంకా నుంచి అయితే ముందు రోజు రాత్రికే అక్కడికి చేరుకోండి, రైలు రెండున్నర గంటల పైమాటే. డబ్బు మార్చినప్పుడూ, ఏటీఎంలో తీసినప్పుడూ ఇచ్చిన రసీదులు దాచి ఉంచండి, మిగిలిన దిర్హాముల్ని వెనక్కి మార్చేటప్పుడు అడగొచ్చు. ఆ పని భద్రతా తనిఖీ దాటకముందే చేసుకోండి. లోపలి డ్యూటీ ఫ్రీ కొట్లలో చాలావాటికి సొంత దేశపు నోటు అక్కర్లేదు.